దేవకి కోరిక: శిశుశోకానికి భాగవతం చూపిన ఓదార్పు

పుట్టిన కొద్ది రోజులకే బిడ్డను పోగొట్టుకున్న ఇంటికి పరామర్శకు వెళ్ళినవారు సాధారణంగా రెండు మాటలంటారు: “అంతా కర్మ”, “మళ్ళీ పుడతారులే”. రెండింటికీ పురాణాల మద్దతు ఉందనుకుంటాం. భాగవతంలోని మూడు ఘట్టాలను పక్కపక్కన పెట్టి చదివితే అది సగమే నిజమని తేలుతుంది.

ఆరవ స్కంధంలో (తెలుగులో ఏర్చూరి సింగన రచన) చిత్రకేతు మహారాజు పసిబిడ్డ సవతితల్లుల విషప్రయోగానికి బలవుతాడు. నారదుడు రప్పించిన జీవుడు, వీరు ఏ జన్మలో నాకు తల్లిదండ్రులని ఎదురు ప్రశ్నిస్తాడు. ఇది జ్ఞానబోధతో చేసిన ఓదార్పు. దశమ స్కంధంలో ద్వారకావాసి అయిన ఒక బ్రాహ్మణుని బిడ్డలు పుట్టీపుట్టగానే పోతుంటారు. కాపాడతానని ప్రతిజ్ఞ చేసిన అర్జునుడు పురిటింటి చుట్టూ బాణాల పంజరం కట్టినా విఫలుడవుతాడు. చేతకాని మాట ఇచ్చిన ఆప్తుడి అవస్థ అది. చివరికి కృష్ణుడే ఆ బిడ్డలను తెచ్చి అప్పగించవలసి వస్తుంది.

అదే స్కంధంలోని దేవకి కథ వీటికి భిన్నమైనది. కంసుడు చంపిన ఆరుగురు శిశువులను ఒక్కసారి చూడాలని ఆమె ఎన్నో ఏళ్ళ తరువాత కన్నీటితో కోరుతుంది. బలరామకృష్ణులు ఎదుటే ఉన్నారు. సాక్షాత్తు భగవంతుడే కొడుకై పుట్టినా ఆ ఆరుగురి లోటు తీరలేదంటే, మరో బిడ్డతో ఈ దుఃఖం పోతుందన్న మాటకు ఇంతకు మించిన ఖండన అక్కరలేదు. కృష్ణుడు ఆమెకు తత్త్వం బోధించడు. సుతలానికి వెళ్ళి, ఆ ఆరుగురినీ పేరుపేరునా బలికి చెప్పి, తీసుకొచ్చి తల్లి ఒడిలో పెడతాడు. ఆమె శిరసులు మూర్కొని పాలిస్తుంది. తరువాత వారు దివ్యలోకానికి వెళ్ళిపోతారు. ఆమెకు దక్కినది బిడ్డల పునర్జీవితం కాదు, వీడ్కోలు.

అయితే ఈ ఘట్టంలో ఒక వెలితి ఉంది. తొలి బిడ్డను స్వయంగా కంసుని చేతికి అందించినవాడు వసుదేవుడు. అదే అధ్యాయంలో అతడు కొడుకులను తత్త్వపరంగా స్తుతిస్తాడే తప్ప, పోయిన బిడ్డల ఊసెత్తడు. మన వాడుకలోని ‘కడుపుకోత’ కూడా తల్లిదే. తండ్రి దుఃఖానికి అంతటి మాట లేదు.

నేడు బ్రిటన్, అమెరికా ఆసుపత్రులు చాలావరకు దేవకి కోరినదానికి దగ్గరగా వచ్చాయి. తల్లిదండ్రులు కోరుకుంటే బిడ్డను ఎత్తుకోనిస్తాయి, పాదముద్రలు తీసిస్తాయి, ఫొటోలు తీయిస్తాయి. బ్రిటన్‌లో శీతల ఊయల వల్ల మరికొన్ని గంటలు, ఒక్కోసారి రోజులు, బిడ్డ దగ్గరే గడపవచ్చు. వద్దనుకునే స్వేచ్ఛా వారిదే. ఆ తరువాత ఇంటికి వెళ్ళే మనం చేయగలిగినది చిన్నదే: బిడ్డ పేరు అడగడం, తల్లితో పాటు తండ్రి చెప్పేదీ వినడం, చిత్రకేతుని కథను ఆ పూటకు పక్కన పెట్టడం.