ఒక్క డిగ్రీ జారితే

దబీర్‌పురా దర్వాజా ఎక్కడంటే చార్మినార్‌కు ఈశాన్యాన అనేస్తాం. ఎనిమిది దిక్కుల లెక్కలో ఈశాన్యమంటే 45 డిగ్రీల మూల. కిలోమీటరున్నర దూరం పోయేసరికి ఆ మూల వెడల్పు దాదాపు 1,200 మీటర్లు. బస్తీలకు బస్తీలే అందులో ఇమిడిపోతాయి. బేరింగ్ అవసరం అక్కడే పుట్టింది: ఉత్తరం నుంచి గడియారం ముల్లు తిరిగే వైపు కొలిచి, మూడంకెల్లో చెప్పే కోణం. తెలిసిన రెండు చోట్ల నుంచి రెండు బేరింగులు తీసుకుని స్కేలు ప్రకారం గీస్తే, గీతలు కలిసిన చోటే దర్వాజా. బడిలో పాఠం ఇక్కడితో ఆపేస్తారు. ఆ కలయికను ఎంతవరకు నమ్మొచ్చో తేల్చుకోవడమే అసలు విద్య అని నా వాదన.

సెంటీమీటరుకు 100 మీటర్ల స్కేలు పెట్టుకున్నామనుకుందాం. పెన్సిల్ గీత అర మిల్లీమీటరు మందముంటే నేల మీద అది 5 మీటర్లు. కోణమానిని ఒక్క డిగ్రీ జారితే, కిలోమీటరున్నర దగ్గర 26 మీటర్లు! పిల్లలేమో పెన్సిల్ చెక్కుకుంటూ కూర్చుంటారు. అంతకన్నా పెద్ద చిక్కు ఆధారాల ఎంపికలో ఉంది. పాత ప్రాకారపు దర్వాజాల్లో మిగిలిన రెండోది పురానాపూల్‌ది కనుక దాన్నే చార్మినార్‌కు జోడీ చేయబుద్ధేస్తుంది. కానీ దబీర్‌పురాకు రెండూ పడమటి వైపే. గీతలు సన్నటి కోణంలో, కత్తెర మూసుకున్నట్టు కలుస్తాయి. కాస్త జారినా కలయిక బారెడు దూరం పాకుతుంది. దక్షిణాన ఉన్న యాకుత్‌పురా స్టేషన్‌ను జోడీగా తీసుకుంటే గీతలు ఇంచుమించు అడ్డంగా ఖండించుకుని, అదే డిగ్రీ తప్పు చిన్న గడిలో ఒదుగుతుంది.

గల్లీలోంచి చార్మినార్ కనబడదు కదా అంటారు. నిజమే. అప్పుడు మలుపు మలుపుకూ బేరింగు, దూరం రాసుకుంటూ నడిచి, బయలుదేరిన చోటికే తిరిగి రావాలి. కాగితం మీద చివరి గీత మొదటి చుక్కను అందుకోకపోతే ఆ ఎడమే మన తప్పును బయటపెడుతుంది. 1908 మూసీ వరద తర్వాత, 1912-15 మధ్య లియొనార్డ్ మన్ ఆధ్వర్యంలో తయారైన నగర పటాలను పరిశోధకులు ఇప్పటికీ తెరుస్తున్నారంటే, ఆ కాలపు కొలతల మీద ఉన్న నమ్మకం కూడా ఒక కారణం. ఇక ఫోన్ ఉండగా ఈ గీతలెందుకన్న ప్రశ్న. ఫోన్ కోణాలకు బదులు ఉపగ్రహాల నుంచి దూరాలు లెక్కిస్తుంది, అంతే తేడా. ఎత్తైన మేడల నడుమ ఇరుకు గల్లీలో దానికి నడినెత్తిన పట్టీంత ఆకాశమే దక్కుతుంది. ఉపగ్రహాలన్నీ ఒకే వైపు గుమిగూడినట్టుంటాయి. నీలి చుక్క పక్క వీధిలోకి దూకడంలో ఆ మూసుకున్న కత్తెర పాత్ర కూడా ఉంది.