స్లైడు అంచున

మెడలో గడ్డ తేలిందంటే మా కరీంనగర్, ఆదిలాబాద్ వైపు జనానికి రెండు భయాలు. ఒకటి టీబీ, రెండోది క్యాన్సర్. జర్దా, గుట్కా నమిలేవాళ్ల దవడలో లేచిన పుండు మెడ గ్రంథులకు పాకడం మేం చూస్తూనే ఉంటాం. ఏది ఏదో తేల్చాల్సింది పాథాలజిస్టు.

మైక్రోస్కోప్ కింద స్లైడు పెట్టగానే నేను ముందు చూసేది గ్రంథి అంచు. బయటి నుంచి లింఫ్ ద్రవం వచ్చి చేరేది పైపొర కిందున్న సన్నని సందులోకే. వాగు మోసుకొచ్చిన ఒండ్రు చెరువు శిఖంలో ముందుగా ఆగినట్టు, క్యాన్సర్ కణాలూ సాధారణంగా మొదట అక్కడే దిగుతాయి. చిక్కేమిటంటే, హిస్టియోసైట్లనే మన రక్షక కణాలు కూడా ఆ సందుల్లోనే ఉబ్బి గుంపు కడతాయి. తొందరపడితే వాటినే క్యాన్సర్ అనుకుంటాం. నిదానంగా చూస్తే వాటి కేంద్రకాలు చిన్నవి, నునుపైనవి. కణాలు దేనికది విడిగా ఉంటాయి. క్యాన్సర్ కణాలు ఒకదానికొకటి అతుక్కుని ముద్దకడతాయి, కేంద్రకాలు ఒక్కోటి ఒక్కో తీరు.

చంక గ్రంథుల్లో ఒక్కోసారి పుట్టుమచ్చ కణాలు కనబడతాయి. మెలనోమా అనే చర్మ క్యాన్సర్ ఉన్న మనిషిలో అవి ఎదురైతే ఒళ్లు జల్లుమంటుంది. కానీ అవి సాధారణంగా ఉండేది పైపొర పీచులో, దాని కింది సందులో కాదు. సగం జవాబు ఆ చోటులోనే దొరుకుతుంది.

మా దగ్గర అన్నిటికన్నా కష్టం టీబీతోనే. గ్రాన్యులోమాలనే రక్షక కణాల గుంపులు, పెద్ద కణాలు, నడుమ చచ్చిన కణజాలం చూడగానే టీబీ అని రాసేయబుద్ధవుతుంది. కానీ నోటి క్యాన్సర్ వదిలే కెరటిన్ అనే ప్రోటీన్ చుట్టూ కూడా అలాంటి పెద్ద కణాలే మూగుతాయి. ఒకే గ్రంథిలో రెండు జబ్బులూ ఉండొచ్చు. అందుకే టీబీ దొరికాక కూడా స్లైడు చివరిదాకా చూడాలని మా దగ్గర నేర్చుకునే పిల్లలకు గట్టిగా చెప్తాను. కణాల్లోని కెరటిన్‌కు రంగు వేసి చూసే పరీక్ష ఒక్కటే చాలదు, గ్రంథిలో సహజంగా ఉండే కొన్ని కణాలూ ఆ రంగు పట్టుకుంటాయి. కొలతా ముఖ్యమే. రొమ్ము క్యాన్సర్‌లో 0.2 మిల్లీమీటర్లు మించని చిన్న గుంపును గ్రంథికి పాకినట్టు లెక్కించరు.

వీటన్నిటికీ తోడు నాకు పాత స్లైడు కావాలి. అసలు కణితి కణాలను పక్కన పెట్టి పోలిస్తే సందేహం చాలావరకు తీరుతుంది. ఆదిలాబాద్ వాళ్ల ఆపరేషన్ నాగ్‌పూర్‌లోనో, హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రిలోనో అయి ఉంటుంది. స్కానింగులు, మందుల చీటీలు సంచి నిండా తెస్తారు, స్లైడ్లు మాత్రం అక్కడే ఉండిపోతాయి. బయాప్సీ నంబరు చెప్పి స్లైడ్లు, కణజాలం ఉంచిన మైనపు బ్లాకులు అడగండి. బ్లాకు జాగ్రత్తగా ఉంటే ఏళ్ల తర్వాత కూడా కొత్త ముక్క కోసి చూడొచ్చు.