చలనసూత్రమూ, కదలని వ్యవస్థలూ

జడత్వమంటే అజ్ఞానం కాదు. మార్పు అవసరమని ఎరిగి కూడా కదలకపోవడమే జడత్వం. ముస్లిం సమాజంలోని ఈ రుగ్మతను గురించి గత శతాబ్దంలో వెలువడిన రచనలలో అల్లామా ఇఖ్బాల్ ఆంగ్ల ప్రసంగాలకు ప్రత్యేక స్థానముంది. మద్రాసు, హైదరాబాదు, అలీగఢ్‌ల శ్రోతల ముందుకు వచ్చిన ఆ ప్రసంగాలు 1930లో లాహోరులో గ్రంథరూపం దాల్చాయి. వాటిలో ఆరవది ఇస్లాం నిర్మాణంలోని చలనసూత్రాన్ని, అనగా ఇజ్తిహాద్‌ను వివరిస్తుంది.

తొలి శతాబ్దాలలో అంత చురుకుగా ఎదిగిన ఫిఖ్‌హ్ తరువాత ఎందుకు నిలిచిపోయింది? ఇఖ్బాల్ మూడు కారణాలు చూపారు. మోతజిలా వివాదం రేపిన కలవరం మొదటిది. ప్రతిభావంతులను లోకవ్యవహారాల నుండి మళ్ళించిన విరాగధోరణి రెండవది. 1258లో బగ్దాద్ పతనం మూడవది. ఆ విధ్వంసం తరువాత సమాజం మరింత చెదిరిపోతుందన్న భయంతో పండితులు ఉన్నదాన్ని కాపాడుకోవడమే కర్తవ్యమనుకున్నారు. ఇఖ్బాల్ వారిని ఊరకే నిందించలేదు. వారి జాగ్రత్తలో కొంత న్యాయముందని అంగీకరించారు. ఈ సమతూకమే ఆ ప్రసంగానికి బలం.

అయితే భయం ఎలా పుట్టిందో చెప్పినంత స్పష్టంగా, అది ఆరున్నర శతాబ్దాలకు పైగా ఎలా బ్రతికిందో ఆయన చెప్పలేదు. ఏ భయమూ తనంతట తాను అంతకాలం నిలవదు. పాఠ్యక్రమం, పదవి, న్యాయస్థానం దాన్ని నిలబెడతాయి. 1791లో ఆంగ్లంలోకి వచ్చిన ‘హిదాయా’ వంటి కొద్ది గ్రంథాలే బ్రిటిష్ న్యాయస్థానాలకు షరీఅత్ అయిపోయాయి. ముఫ్తీ చేతిలో సందర్భాన్నిబట్టి మెలగిన ఫిఖ్‌హ్ న్యాయమూర్తి బల్లమీద గడ్డకట్టింది. ఇఖ్బాల్ ఈ సంగతిని తాకారే గాని తరచి చూడలేదు.

దీని ఫలితాన్ని అనుభవించినది స్త్రీ. ప్రబలమైన హనఫీ అభిప్రాయం ప్రకారం, భర్త జాడ తెలియని స్త్రీ అతని ఈడువారంతా గతించేటంత కాలం ఎదురుచూడాలి. పోషించని భర్త నుండి విడుదల పొందడం కూడా దుర్లభమే. పంజాబులో కొందరు స్త్రీలు వివాహబంధం తెంచుకోవడానికి మతాన్నే విడిచారు. ధర్మాన్ని కాపాడవలసిన శాసనమే ఒక ముస్లిం స్త్రీని ధర్మం నుండి గెంటివేస్తే, దాన్ని స్థిరత్వమనాలా? ప్రసంగంలో ఇఖ్బాల్ ఎత్తిచూపిన ఈ ఒక్క ఉదాహరణ ఆయన తాత్త్విక వాదాలన్నిటికంటే బరువైనది.

పరిష్కారం వచ్చిన తీరు గమనించదగినది. ఇఖ్బాల్ ఇజ్తిహాద్ బాధ్యతను శాసనసభకు అప్పగించాలని ఆశించారు. కాని మొదటి అడుగు వేసినది మదరసా పెద్ద, మౌలానా అష్రఫ్ అలీ థానవీ (రహ్మలై). ఆయన మదీనాలోని మాలికీ పండితులకు వ్రాసి, వారి ఫత్వాలు తెప్పించుకొని, ‘అల్ హీలతున్నాజిజా’ను రూపొందించారు. అది తఖ్లీద్‌ను త్రోసిపుచ్చలేదు. తన ఇంట దారి లేనప్పుడు పొరుగింటి తలుపు తట్టింది. ఆ కృషి ఆధారంగానే కేంద్ర శాసనసభలో బిల్లు వచ్చి, 1939లో ముస్లిం వివాహాల రద్దు చట్టమైంది. భర్త జాడ నాలుగేళ్ళు తెలియకపోయినా, రెండేళ్ళు పోషణ అందకపోయినా స్త్రీ న్యాయస్థానానికి వెళ్ళవచ్చు. మతం విడిచినంత మాత్రాన ఆమె వివాహం రద్దుకాదు. విచారించే న్యాయమూర్తి ముస్లిం అయి ఉండాలన్న ఉలమా షరతు మాత్రం చట్టానికి ఎక్కలేదు. ఆ చట్టం నేటికీ భారతదేశంలో అమలులో ఉంది.

కనుక సంప్రదాయం కదలలేదనడమూ సరికాదు, చలనం శాసనసభ నుండే రావాలనడమూ సరికాదు. రెండూ కలిసినప్పుడే పని జరిగింది. ఆ కలయికకు ఇఖ్బాల్ గ్రంథమే ఎక్కువ తోడ్పడవలసింది. కాని అది ఆంగ్లంలో ఉండిపోయింది. సయ్యద్ నజీర్ నియాజీ ఉర్దూ అనువాదం వెలువడినది 1958లో, అంటే రచయిత మరణించిన ఇరవై ఏళ్ళకు. చలనాన్ని బోధించిన పుస్తకం, ఎవరిని కదిలించాలో వారి భాషలోకి రావడానికే ఇరవై ఎనిమిదేళ్ళు పట్టింది. జడత్వం ఛాందసుల సొత్తు మాత్రమే కాదనడానికి ఇంతకంటే నిదర్శనం అక్కరలేదు.

కదలని వ్యవస్థకు మూల్యం చెల్లించేది దాన్ని నడిపేవారు కాదు, దాని గుమ్మంలో తీర్పు కోసం నిలబడినవారు. మదరసా గాని, వక్ఫ్ గాని, జమాఅత్ గాని తన స్థిరత్వాన్ని చూసి సంతోషించే ముందు ఆ గుమ్మం వైపు ఒకసారి చూడాలి. అక్కడ ఎవరు, ఎన్నేళ్ళుగా ఎదురుచూస్తున్నారు?