సణిగినది ఎవరు? మత్తయి 20:1-16 ప్రసంగాలపై ఒక విమర్శ

నాయుడుపేట, సూళ్ళూరుపేట, తడ ప్రాంతపు సంఘాలలో గడచిన ఇరవై సంవత్సరాలలో విశ్వాసుల జీవనోపాధి ఎంతో మారినది. పొలము పనికి వెళ్లిన కుటుంబాల బిడ్డలు మేనకూరు, మాంబట్టు, శ్రీసిటీ కర్మాగారాలకు కంపెనీ బస్సులలో వెళ్తున్నారు. వారిలో స్త్రీలు అనేకులు. వీరికి పనిని గూర్చి, జీతమును గూర్చి బోధించవలసి వచ్చినప్పుడు బోధకులు తరచుగా ఎన్నుకొనేది ద్రాక్షతోట పనివారి ఉపమానము. ఒప్పుకొన్న కూలి దొరికినప్పుడు సణగరాదనీ, పక్కవాని జీతముతో పోల్చుకొనుట అసూయ అనీ చెప్పి ముగిస్తారు. ఈ అన్వయము వాక్యభాగమునే తలక్రిందులు చేస్తున్నది.

మొదట, సణిగినది ఎవరో గమనించవలెను. తెల్లవారినప్పుడే పనిలో చేరినవారు సణిగారు. తమకు తక్కువ వచ్చినదని కాదు, కడపట వచ్చినవారిని తమతో సమానము చేసినందుకు సణిగారు. నేటి కర్మాగారములో ఒకే యంత్రము దగ్గర పర్మనెంటు ఉద్యోగి, కాంట్రాక్టు కార్మికుడు పక్కపక్కన నిలిచి ఒకే పని చేసినను జీతాలు వేరుగా ఉండవచ్చును. కాంట్రాక్టు కార్మికుడు అడిగేది సమానత్వము. ఉపమానములోని సణుగుడు సమానత్వానికి వ్యతిరేకము. రెంటినీ ఒకటిగా చూపుట వ్యాఖ్యానము కాదు.

రెండవది, ఆ యజమానునికి గృహనిర్వాహకుడు ఉన్నాడు. అయినను పనివారిని పిలుచుటకు యజమానుడే అయిదుమార్లు బయలుదేరాడు. కూలి ఇచ్చే పని నిర్వాహకునికి అప్పగించినను, ఫిర్యాదు వచ్చినప్పుడు తానే జవాబు చెప్పాడు. నేటి పెద్ద సంస్థలలో జరిగేది దీనికి భిన్నము. జీతము గూర్చి అడిగితే కాంట్రాక్టరును అడుగుమంటారు. కాంట్రాక్టరు కంపెనీ బిల్లు రాలేదంటాడు. బాధ్యత ఇద్దరి మధ్య మాయమవుతున్నది.

చట్టము ఈ సంగతిని గుర్తించినది. కాంట్రాక్టరు కూలి చెల్లించనియెడల అసలు యజమానే చెల్లించవలెనని 1970 నాటి కాంట్రాక్టు కార్మిక చట్టము విధించినది. 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చిన కార్మిక స్మృతులు కూడా ఆ నియమమును నిలిపినవి. అయితే కేంద్ర చట్టములో 20 మంది కాంట్రాక్టు కార్మికులున్న చోట వర్తించిన రక్షణలు, ఇప్పుడు 50 మంది ఉన్న చోటనే వర్తిస్తాయి. అదే 2025లో మన రాష్ట్రము కర్మాగారాలలో దినమునకు గరిష్ఠ పనిగంటలను 9 నుండి 10కి పెంచినది. వారానికి 48 గంటల పరిమితి మారలేదు గాని, సాయంకాలము ఇంటికి చేరవలసిన తల్లికి ఆ ఒక గంట చిన్నది కాదు.

ఇక్కడ ఒక అభ్యంతరము రావచ్చును. ఉపమానము దేవుని రాజ్యమును, ఆయన కృపను గూర్చినదే గాని జీతాల పట్టిక కాదు. నిజమే. ఆ యజమానుడు రేపటి పనికి హామీ కూడా ఇవ్వలేదు. అయితే బోధకుడు దానిని కర్మాగారములోనికి తీసికొనిపోయినట్లయితే, పనివారికి చెప్పిన మాటలతోపాటు యజమానుని నడతను కూడా తీసికొనిపోవలెను. కూలివాని కూలిని ప్రొద్దు గ్రుంకకముందే ఇవ్వవలెనన్న ద్వితీయోపదేశకాండము 24:14-15ను, బిగబట్టబడిన కూలి మొఱపెట్టుచున్నదన్న యాకోబు 5:4ను ప్రక్కన పెట్టి ఈ ఒక్క భాగమును బోధించుట న్యాయము కాదు.

ఈ విమర్శ కంపెనీల గేటు దగ్గర ఆగదు. మిషను కాలములో మిషనరీ, పాదిరి, ఉపదేశి, బైబిలు స్త్రీ అనే మెట్లుండెను. మెట్టు మెట్టుకు జీతములో అంతరముండెను. తరువాతి కాలములో ఎయిడెడ్ విద్యాలయాలలో ఒకే పాఠము చెప్పే ఇద్దరిలో ఒకరికి ప్రభుత్వ జీతము, మరొకరికి యాజమాన్యమిచ్చే స్వల్ప మొత్తము దొరికేవి. అది పరిచర్య గనుక తృప్తిపడుమని చెప్పుట అలవాటైనది. పరిచర్య అనే మాట తక్కువ జీతము గలవానికి మాత్రమే వర్తించినప్పుడు అది పరిచర్య కాదు, పొదుపు.

కాబట్టి వేదాంత కళాశాలలు ఈ వాక్యభాగమును బోధించునప్పుడు విద్యార్థిని ఒక ప్రశ్న అడుగవలెను: నీ ప్రసంగము విన్న తరువాత ఎవరు తేలికగా ఊపిరి పీల్చుకొంటారు? అయిదు గంటలకు పనిలో చేరినవాడు కాక, అతనికి తక్కువ ఇచ్చినవాడు ఊరట పొందితే, ఆ ప్రసంగమును తిరిగి వ్రాయవలసియున్నది.