సోంపు కట్టలు, జొన్న దంట్లు

1580 వేసవి. ఇటలీకి ఈశాన్యపు మూలనున్న ఫ్రియూలీ సీమ, అందులో చివిదాలే పట్నం. ఆ ఊళ్లో దండోరా వేసే బత్తిస్తా మొదూకో చర్చి విచారణాధికారి ముందు నిలబడి, దాపరికం లేకుండా తన సంగతి చెప్పుకున్నాడు. ఏడాదికి నాలుగుసార్లు, రుతువులు మారేటప్పుడు వచ్చే ఉపవాస దినాల్లో, రాత్రిపూట ఒళ్లు మంచం మీదే ఉండగా తన ప్రాణం లేచి పొలాల్లోకి పోతుందట. తనలాంటివాళ్లంతా అక్కడ కూడి మంత్రగాళ్లతో యుద్ధం చేస్తారట. తమ చేతుల్లో సోంపు మొక్కల కట్టలు, అవతలివాళ్ల చేతుల్లో జొన్న దంట్లు. ఒక పోరు గోధుమలకోసం, తక్కిన గింజలకోసం. ఒకటి పశువులకోసం. ఒకటి ద్రాక్షతోటలకోసం. తాము దేన్ని గెలిస్తే ఆ ఏడు అది పుష్కలంగా పండుతుంది. ఓడితే కరువే.

ఈ మాటలు దాదాపు నాలుగు వందల ఏళ్లు చర్చి దస్త్రాల్లో పడి ఉన్నాయి. వాటిని చదివి 1966లో చరిత్రకారుడు కార్లో గింజ్‌బర్గ్ 'ఇ బెనందాంతి' రాశాడు. అప్పటికి ఆయనకి ముప్పై ఏళ్లు నిండలేదు. 1983లో జాన్, ఆన్ టెడెస్కీలు దాన్ని 'ద నైట్ బాటిల్స్' పేరుతో ఇంగ్లీషులోకి తెచ్చారు. ఒక ప్రాంతపు మంత్రవిశ్వాసాల గురించి నేను చదివిన వాటిలో ఇంత చిన్నదీ, ఇంత జాగ్రత్తగా చెక్కినదీ మరొకటి లేదు. ఆ చెక్కుడు గురించే ఈ నాలుగు మాటలు.

బెనందాంతి అంటే మంచికోసం వెళ్లేవాళ్లని చెప్పుకోవచ్చు. పుట్టేటప్పుడు తలమీద పల్చటి పొరతో పుట్టినవాళ్లు. ఇరవయ్యో ఏట పిలుపు వస్తుంది, నలభయ్యో ఏట కావాలంటే తప్పుకోవచ్చు. సైన్యానికి పిలిచినట్టు డప్పు వాయించి పిలుస్తారని మొదూకో చెప్పాడు. పగలంతా ఊరికి దండోరా వేసే మనిషి, రాత్రి తనను ఇంకెవరో డప్పుతో పిలుస్తున్నారని నమ్మడం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. వాళ్ల జెండా తెల్లటి పట్టు, మీద సింహం. ఫ్రియూలీ అప్పుడు వెనిస్ ఏలుబడిలో ఉంది. మంత్రగాళ్లదేమో ఎర్ర జెండా, మీద నల్ల దయ్యాలు. ఇలాంటి వివరాలు కథకుడికి కొల్లలు. గింజ్‌బర్గ్ మాత్రం వాటికి రంగులు పూయడు. ఏది ఎవరు చెప్పారు, ఏ తేదీన చెప్పారు, ఏ ప్రశ్నకు జవాబుగా చెప్పారు అన్నది విడవకుండా పట్టుకుంటాడు.

అసలు పనితనం అక్కడే ఉంది. ఆ దస్త్రాల్లో ప్రశ్న లాటిన్‌లో ఉంటుంది, జవాబు ఇటాలియన్‌లో ఉంటుంది. రైతు ఇంట్లో మాట్లాడేది ఫ్రియూలీ భాష. మన జిల్లా కోర్టుల్లో సాక్షి తెలుగులో చెప్పింది ఇంగ్లీషులో రికార్డుకెక్కడం చూసినవాళ్లకి, ఆ కాగితంలో మనిషి గొంతు ఎంత మిగులుతుందో తెలిసే ఉంటుంది. పైగా అడిగేవాడికి జవాబు ముందే తెలుసు. మంత్రగత్తెలంటే సైతానుకి మొక్కేవాళ్లు, రాత్రిళ్లు విందులు చేసి ఆడేవాళ్లు అని అతని పుస్తకాలు చెప్పాయి. మరి ఇలాంటి కాగితంలో పల్లెవాడి నమ్మకాన్ని ఎలా వెతకడం? అధికారికి అర్థంకాని చోట వెతకమంటాడు గింజ్‌బర్గ్. ప్రశ్న ఒక దారిలో పోతూ జవాబు ఇంకో దారిలో పోతుంటే, ఆ జవాబు అధికారి అందించింది కాదు. అది రైతు తనంతట తాను తెచ్చుకున్నది.

దీనికి ఆయన చూపిన మొదటి ఉదాహరణ పావొలో గాస్పరూట్టో. 1575 మార్చిలో బ్రత్సానో ఊరి పాదిరి ఇతని మీద ఫిర్యాదు చేశాడు. చేతబడి సోకిన వాళ్లకి వైద్యం చేస్తున్నాడు, రాత్రిళ్లు ఎక్కడికో వెళ్తానంటున్నాడు అని. మన ఊళ్లల్లోనూ చేతబడి చేశాడన్న నెపం చాలాసార్లు నయం చేసేవాడి మీదే పడుతుంది కదా! ఆ ఫిర్యాదు అప్పటికి మూలపడి, అయిదేళ్ల తర్వాత మళ్లీ పైకి వచ్చింది. ఈసారి విచారణ ఫెలీచే దా మోంతెఫాల్కో అనే అధికారి చేతిలో పడింది.

గాస్పరూట్టో ఒకరోజు, తనను పిలవడానికి దేవదూత వచ్చిందన్నాడు. అంతే, అధికారి చెవులు నిక్కబొడుచుకున్నాయి. ఆ దూత నీకేం ఇస్తానంది, ఆడవాళ్లనా, విందులా, ఆటలా? అలాంటివేం లేవు, ఆడేది అవతలివాళ్లు అన్నాడు. దూతకి మొక్కావా? మొక్కాను, చర్చిలో క్రీస్తుకి మొక్కినట్టే అన్నాడు. అందమైన సింహాసనం మీద ఇంకొకడు కూర్చున్న చోటికి తీసుకెళ్లిందా? వాడు మా జట్టువాడు కాదు, ఆ శత్రువుతో మాకేం పని, సింహాసనాలున్నది మంత్రగాళ్లకి అని మండిపడ్డాడు. ప్రతి ప్రశ్నలోనూ ఒక ఉచ్చు ఉంది. ప్రతి జవాబులోనూ ఆ ఉచ్చు సంగతే తెలియని ఒక మనిషి ఉన్నాడు. అతన్ని చిత్రహింస పెట్టలేదు. అక్కర్లేకపోయింది. చివరికి అతనే ఒప్పుకున్నాడు, తనకు కనబడింది దేవదూత రూపంలో వచ్చిన సైతానే అయ్యుంటుందని. ఎందుకలా అనుకుంటున్నావంటే, అలా మారగలడని మీరే నాకు చెప్పారు కదా అన్నాడు. గింజ్‌బర్గ్ ఈ చివరి మాటను పట్టి చూపించి పక్కకు జరిగాడు. రెండు పేజీల వ్యాఖ్యానం రాయగలిగిన చోట ఆగడం తెలిసినవాడు.

సోంపూ జొన్నా విషయంలోనూ ఇదే నిగ్రహం. సోంపు సంగతి దస్త్రంలోనే ఉంది. బెనందాంతి వెల్లుల్లీ సోంపూ తినేది అవి మంత్రగాళ్ల నుంచి కాపాడతాయనే. మరి జొన్న ఎందుకు? కారణం స్పష్టంగా లేదని ఒప్పుకుని, మంత్రగత్తెల చేతిలో ఎప్పుడూ ఉండే చీపురుకీ దీనికీ సంబంధం ఉండొచ్చంటాడు, చీపుర్లు కట్టే జొన్న రకం ఒకటుంది గనక. ఉండొచ్చు అనే మాటను ఎక్కడ వాడాలో, ఎక్కడ వాడకూడదో ఇంత కచ్చితంగా తెలిసిన చరిత్రకారులు తక్కువ.

పుస్తకం నడిచేది 1575 నుంచి 1650 దాకా. దశాబ్దం వెంట దశాబ్దం జవాబులు కాస్త కాస్తగా ప్రశ్నల వైపు ఒరుగుతాయి. మొదట్లో క్రీస్తు పక్షాన పోరాడే వాళ్లం అని తల ఎత్తి చెప్పినవాళ్ల మనవళ్ల కాలానికి, మికేలే సొప్పె లాంటివాడు 1649లో తాను సైతానుతో ఒప్పందం చేసుకున్నానని చెప్పేస్తాడు. పంటను కాపాడే మంచివాళ్లు మంత్రగాళ్లయిపోయారు. అదీ ఒక్క వేటుకి కాదు, డెబ్భై అయిదేళ్ల పాటు అడిగిందే అడగడం వల్ల. తీరా వాళ్లు అలా మారేసరికి, పైస్థాయి న్యాయమూర్తులకే మంత్రగత్తెల మీద నమ్మకం సడలింది. అందుకని ఆ చివరి విచారణల్లో పెద్ద శిక్షలు పడలేదు. ఒక నమ్మకం ఎలా చెరిగిపోతుందో సంవత్సరం సంవత్సరం చూపించిన పుస్తకం నాకు ఇదొక్కటే తెలుసు.

ఫ్రియూలీ బయటికి కూడా చూస్తాడు ఆయన. బాల్టిక్ తీరపు లివోనియాలో 1692లో విచారణకొచ్చిన తీస్ అనే ముసలివాడు తాను తోడేలుగా మారతాననీ, దేవుడి కుక్కగా పంటకోసం మంత్రగాళ్లతో పోరాడతాననీ చెప్పాడు. ఆ పోలిక ఉలిక్కిపడేలా చేస్తుంది. 1989లో వచ్చిన 'స్తోరియా నొత్తుర్నా'లో ఈ దారి పట్టుకుని యూరప్, ఆసియాలు చుట్టి వచ్చాడు. ఆ పాండిత్యానికి చేతులెత్తి మొక్కాలి. అయినా నా మనసు మొదటి పుస్తకం దగ్గరే ఉంటుంది. అక్కడ ప్రతి మాటకీ వెనక ఒక పేరు, ఒక ఊరు, ఒక తేదీ ఉన్నాయి. రెండోదానిలో రుజువులు అక్కడక్కడ పలచబడి, పోలికలే బరువంతా మోయాల్సి వస్తుంది.

తర్వాత ఒక వ్యాసంలో గింజ్‌బర్గ్ తన ఇబ్బంది కూడా చెప్పుకున్నాడు. తన సానుభూతి నిందితులతో, కానీ తాను చేసే పని అధికారి చేసినట్టిదే. ఇద్దరూ అవతలి మనిషి మనసులో ఏముందో తెలుసుకోవాలని ప్రశ్నలు వేసేవాళ్లే. ఈ గుర్తింపు వల్లే కావచ్చు, పుస్తకం చివర గాస్పరూట్టో, మొదూకోల విచారణ పత్రాలను అచ్చువేసి పాఠకుడి చేతిలో పెట్టాడు, నా మాట వదిలేసి మీరే చూసుకోండి అన్నట్టుగా.

నేను అవే మళ్లీ మళ్లీ చదువుతుంటాను. విచారణ మొదట్లో, మంత్రగాళ్లనో బెనందాంతినో ఎరుగుదువా అని గాస్పరూట్టోని అడిగినప్పుడు అతను తెలియదంటూ నవ్వాడని గుమాస్తా రాశాడు. ఎందుకు నవ్వావని అధికారి అడిగాడు. ఇవి అడగకూడని సంగతులు, అడగడం దేవుడికి ఇష్టం కాదు అన్నాడు గాస్పరూట్టో. గుమాస్తా అదీ రాసుకున్నాడు.