ఒక పూట వేపితే వారమంతా

సాయంత్రం నాలుగున్నర దాటితే చాలా ఇళ్ళలో ఒకటే కథ. బడి బస్సు దిగిన పిల్ల పుస్తకాల సంచీ సోఫా మీద పడేసి ‘తినడానికేముంది?’ అంటుంది. అమ్మానాన్నలు ఇంకా ఆఫీసులోనో దారిలోనో ఉంటారు. ఇంట్లో ఉన్న నానమ్మకు మోకాళ్ళ నొప్పులు, పొయ్యి దగ్గర నిలబడలేదు. చేతికందేది బిస్కెట్ ప్యాకెట్టు, అది లేకపోతే నూడుల్సు. ఇంటి చిరుతిళ్ళ ఊసెత్తితే ‘అవన్నీ చేసే తీరికెక్కడిది’ అనేస్తాం. నన్నడిగితే ఇది తిరగేసిన మాట. మన చిరుతిళ్ళలో మేలైనవన్నీ తీరిక లేని ఇళ్ళకు కుదిరినవే. నాట్ల రోజుల్లో, కోతల రోజుల్లో తెల్లారకముందే పొలానికి వెళ్ళే ఇంట్లో మధ్యాహ్నం మూడింటికి పొయ్యి రాజేసేదెవరు? అందుకే వీలు చిక్కిన పూట కూర్చుని వేపి, విసిరి, డబ్బాకెత్తేవాళ్ళు. ఆకలైనప్పుడు మూత తీయడమే పని.

అయితే ‘అమ్మమ్మల కాలం తిండి’ అని అన్నిటినీ ఒకే గాటన కడితే చిక్కు. అందులో మూడు రకాలున్నాయి. నానబెట్టి, ఉడికించి ఆ పూటకే తినేసే గుగ్గిళ్ళు ఒకటి. వేపి, పొడి కొట్టి, బెల్లంతో ఉండ కట్టి రెండు మూడు వారాలు దాచుకునేవి ఇంకొకటి. నూనెలో వేగే జంతికలు, చెక్కలు, అరిసెలు మూడోది. ఈ మూడోది పండక్కీ పెళ్ళికీ. మొదటి రెండూ మామూలు రోజులవి. ఇప్పుడేమైందంటే, వీధి వీధినా వెలిసిన స్వగృహ దుకాణాల పుణ్యమా అని మూడోది ఏడాది పొడుగునా కిలోల లెక్కన దొరుకుతోంది. గుగ్గిళ్ళు మర్నాటికే పాడవుతాయి కాబట్టి వాటిని ప్యాకెట్లో పెట్టి అమ్మడం కుదరదు. అమ్మకానికి పనికొచ్చినవి నిలిచాయి, పనికిరానివి మరుగున పడ్డాయి. ఇంటి తిండి అంటే జంతికలే అనుకునే దాకా వచ్చాం.

నూనెలో వేగనివాటికి పండగల్లోనూ చోటుంది, చూడండి. తొలి ఏకాదశికి పేలపిండి. శ్రావణ మంగళవారం నోముకు నానబెట్టిన శనగల వాయనం. పేరంటాల నుంచి మూట కట్టుకొచ్చిన ఆ శనగలే మర్నాడు ఇంటిల్లిపాదికీ తాలింపు గుగ్గిళ్ళు. వినాయక చవితికి ఆవిరి మీద ఉడికిన కుడుములు, ఉండ్రాళ్ళు. నాగుల చవితికి చిమ్మిలి, చలిమిడి. తెలంగాణలో బతుకమ్మకు నువ్వుల సత్తుపిండి, పల్లీల సత్తుపిండి, మలీద ముద్దలు. శ్రీరామనవమికి వడపప్పు. వీటిలో ఒక్కదానికీ మూకుడు నిండా నూనె అక్కర్లేదు. చాలావాటికి కావలసింది వేపడం, నానబెట్టడం, దంచడం. ఈ మూడు పనులు సరిగ్గా వస్తే చాలు.

అందులో వేపడం మహా కష్టమేం కాదు గానీ ఓపిక కావాలి. సున్నుండల సంగతే తీసుకుందాం. మినప్పప్పుతో చేసేవాళ్ళున్నారు, పొట్టు మినుములతో చేసేవాళ్ళున్నారు. పొట్టుతో చేస్తే రంగు నల్లగా వస్తుంది, రుచీ వాసనా మాత్రం పప్పుకు రావు. అడుగు మందంగా ఉన్న మూకుడు పెట్టి, సెగ బాగా తగ్గించి, చెయ్యి ఆపకుండా కలుపుతూ ఉండాలి. అరకిలోకు 20 నిమిషాలు పైనే పడుతుంది. మొదట పచ్చివాసన, తర్వాత కాసేపు ఏ వాసనా ఉండదు. అక్కడే చాలామంది విసిగిపోయి సెగ పెంచుతారు. పెంచితే పైన మాడుతుంది, లోపల తెల్లగా పచ్చిగానే ఉండిపోతుంది. ఆ పిండితో చేసిన ఉండ నోట్లో అంగిలికి అంటుకుంటుంది. అందుకే రంగును నమ్మకూడదు. ఒక గింజ తీసి, చల్లారనిచ్చి, కొరికి చూడాలి. కరకరమని విరిగి, లోపల కూడా లేత గోధుమరంగు తిరిగి ఉంటే అయినట్టు. వెంటనే వెడల్పాటి పళ్ళెంలోకి తీసి పరిచేయాలి. మూకుట్లోనే వదిలేస్తే ఆ వేడికి ఇంకా వేగుతూనే ఉంటుంది. పిడికెడు బియ్యం కూడా విడిగా వేపి కలిపితే పిండి పళ్ళకు పట్టదు. పట్టించేటప్పుడు మరీ మెత్తగా కాకుండా, వేళ్ళ మధ్య కాస్త గరుకు తగలాలి.

బెల్లం దగ్గర ఒక కిటుకుంది. తురిమిన బెల్లాన్నీ పిండినీ కలిపి మిక్సీలో రెండు మూడు సార్లు ఆపి ఆపి తిప్పితే, ఆ రాపిడి వేడికి బెల్లం కాస్త కరిగి పిండికి పడుతుంది. అప్పుడు ఉండ కట్టడానికి నెయ్యి సగం సరిపోతుంది. నెయ్యి కరిగించి, గోరువెచ్చగా ఉండగా చెంచా చెంచా పోస్తూ గుప్పిట్లో నొక్కి చూసుకోవాలి. ఉండ నిలిచిందా, ఆపేయాలి. కొత్త బెల్లంలో చెమ్మ ఎక్కువ. అలాంటిదైతే తురిమి ఒక పూట నీడన ఆరబెట్టండి, లేకపోతే పది రోజులకే బూజు.

ఇక లెక్క. మినుముల్లో 100 గ్రాములకు 24 గ్రాముల దాకా ప్రొటీను ఉంటుంది. నిమ్మకాయంత ఉండ, అంటే దాదాపు 30 గ్రాములది తింటే, మూడు గ్రాములకు పైగా ప్రొటీను అందుతుంది. అదే ఉండలో బెల్లం కూడా పది గ్రాముల దాకా ఉంటుంది. బెల్లం విషయంలో మనవాళ్ళకున్న భక్తి నాకు లేదు. చక్కెరలో లేని ఖనిజాలు కొద్దిగా ఉంటాయి, నిజమే. వాటి కోసం తినాలంటే మాత్రం బోలెడు తియ్యదనం మింగాలి. అదనంగా కలిపే చక్కెరల నుంచి వచ్చే శక్తి రోజు మొత్తంలో పది శాతం మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది, అయిదు శాతానికి తగ్గితే ఇంకా మేలంది. రోజుకు 1,500 కేలరీలు తినే పిల్లకు ఆ పది శాతం అంటే 37 గ్రాములు. బెల్లమూ ఆ లెక్కలోకే వస్తుంది. పొద్దున పాలల్లో చక్కెర, మధ్యాహ్నం ఎవరి పుట్టినరోజుదో చాక్లెట్టు పోగా, సాయంత్రానికి ఒక ఉండకు చోటుంటుంది, మూడింటికి ఉండదు. బలమైన తిండి కదా అని డబ్బా ముందు పెట్టి వదిలేయకూడదు.

పల్లీలతో, నువ్వులతో ఇంకా సులువు. వేపిన నువ్వులూ బెల్లమూ కలిపి దంచితే చిమ్మిలి. పాకం లేదు, నెయ్యి లేదు, నువ్వుల్లో ఊరే నూనే ఉండను పట్టి ఉంచుతుంది. పల్లీలు వేపి, పొట్టు ఊది, బెల్లంతో తిప్పినా అంతే. పాకం పట్టి చేసే పల్లీపట్టీ బాగుంటుంది, కాదనను. కానీ దానికి పాకం చుక్క నీళ్ళలో వేస్తే గట్టిపడి టక్కున విరగాలి. ఒక్క క్షణం ముందు దించితే పళ్ళకు సాగుతుంది, ఒక్క క్షణం ఆలస్యమైతే చేదెక్కుతుంది. పొద్దున ఎనిమిదింటికి బయల్దేరే ఇల్లాలికి ఆ పరీక్ష అక్కర్లేదు. ఇంకో సంగతి, నాలుగేళ్ళ లోపు పిల్లలకు పల్లీ గింజలు అలాగే పెట్టకూడదు, గొంతుకడ్డం పడతాయి. పొడి చేసి మెత్తటి ఉండగా పెట్టాలి.

ఏదీ ఉండ కట్టే ఓపిక లేని రోజుల కోసం గుగ్గిళ్ళున్నాయి. రాత్రి పడుకోబోయే ముందు శనగలు నీళ్ళలో పోయడానికి ఎంతసేపు పడుతుంది? పొద్దున అన్నం కుక్కరు దిగాక అందులోనే ఉప్పేసి ఉడికిస్తే సాయంత్రానికి సిద్ధం. మరచిపోయి పొద్దున గుర్తొస్తే అలసందలు నానబెట్టండి, వాటికి మూడు నాలుగు గంటలు చాలు. వారానికి సరిపడా ఒకేసారి ఉడికించి, నీళ్ళు వార్చి, చిన్న చిన్న డబ్బాల్లో ఫ్రీజర్‌లో పెట్టుకోవచ్చు కూడా. తాలింపుకు ఒక చెంచా నూనె, ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకు, కాస్త ఇంగువ. పైన పచ్చికొబ్బరి, వేసవిలోనైతే పుల్ల మామిడి ముక్కలు. నిమ్మకాయ పిండడం రుచికే కాదు. శనగల్లోని ఇనుము ఒంటికి బాగా పట్టాలంటే విటమిన్ సి తోడు కావాలి. పక్కనే టీ గ్లాసు పెట్టుకుంటే అది ఆ ఇనుమును అంతగా పట్టనివ్వదు. పిల్లలకు ఎలాగూ టీ ఇవ్వం గానీ, ఆఫీసు నుంచి వచ్చిన పెద్దలు గుగ్గిళ్ళకూ టీకీ మధ్య గంట ఎడం ఇవ్వడం మంచిది. ఉలవల గుగ్గిళ్ళు చేస్తే ఆ ఉడికిన నీళ్ళు పారబోయకండి. ఉలవచారు అయ్యేది అవే.

వేడిగా కావాలని పేచీ పెట్టేవాళ్ళకు వరంగల్, కరీంనగర్ ఇళ్ళల్లో చేసే సర్వప్పిండి ఉంది. కోస్తాలో దీని దగ్గరి చుట్టం తపాళా చెక్క. బియ్యప్పిండిలో గంటసేపు నానిన శనగపప్పు, నువ్వులు, కచ్చాపచ్చాగా దంచిన పల్లీలు, ఉల్లికాడలు, పచ్చిమిర్చి ముద్ద, కరివేపాకు, జీలకర్ర వేసి నీళ్ళు చిలకరిస్తూ ముద్దగా కలపాలి. మందపాటి గిన్నె లోపల నూనె రాసి, ముద్దను అడుగున పెట్టి, తడి చేత్తో అంచుల మీదికి పల్చగా ఎక్కిస్తూ ఒత్తాలి. వేలితో అక్కడక్కడా చిల్లులు పొడిచి ఒక్కో చిల్లులో రెండు చుక్కల నూనె వేస్తే, అది అడుగుకు జారి కింది వైపు ఎర్రగా కాలుతుంది. మూత పెడితే లోపలి ఆవిరికి పై వైపు మగ్గుతుంది. తిరగేసే పని లేదు. కిందంతా కరకర, పైన మెత్తన. పావుగంటలో ఒకటి అవుతుంది, ఇంటి మొత్తానికి నాలుగైదు చెంచాల నూనె ఖర్చు. రెండోది ఒత్తడానికే తిప్పలు: గిన్నె వేడిగా ఉంటుంది, చెయ్యి పెట్టలేం. గిన్నె బోర్లించి వెనక వైపు నీళ్ళు పోసి చల్లార్చడం పాత పద్ధతి. రెండు గిన్నెలు పెట్టుకుంటే ఒకటి చల్లారేలోపు ఇంకొకటి పొయ్యి మీద ఉంటుంది.

నూనెలో వేగేవాటిని నేను వెలివేయను. సంక్రాంతికి సకినాలు లేని తెలంగాణ ఇల్లు, అరిసెలు లేని ఆంధ్ర ఇల్లు ఊహించుకోలేం. వాటి పనితనం కూడా ఊరికే వచ్చింది కాదు. జంతికల పిండిలో కాచిన నూనె గానీ వెన్న గానీ పోసి కలిపేది గుల్లగా రావడానికి. తక్కువైతే రాళ్ళలా గట్టిపడతాయి, ఎక్కువైతే నూనెలో విచ్చిపోతాయి. సకినాలు గుడ్డ మీద చుట్టి ఆరనిచ్చేది పైతేమ గుడ్డ పీల్చుకోవడానికి. మూకుట్లో వేయగానే పొంగే బుడగలు పిండిలోని నీరు ఆవిరై పోతున్న గుర్తు. ఆ బుడగలు సద్దుమణిగాకే తీయాలి. తొందరపడి తీస్తే నాలుగు రోజులకు మెత్తబడతాయి. వేడి చల్లారకుండా డబ్బాలో పోసి మూత బిగించినా అంతే, ఆ ఆవిరి మూతకు పట్టి నీరై కిందికే దిగుతుంది.

చిక్కంతా నూనెతోనే. కాచిన నూనెనే మళ్ళీ మళ్ళీ కాస్తుంటే అది విరిగి చెడు పదార్థాలు పుడతాయి. అలాంటివి 25 శాతం దాటిన నూనెను వంటకు వాడకూడదని ఆహార భద్రత సంస్థ పెట్టిన నిబంధన 2018 జులై నుంచి అమల్లో ఉంది. ఇంట్లో దాన్ని కొలిచే సాధనం ఉండదు. నూనె చిక్కబడి నల్లబడితే, కాగకముందే పొగ వస్తే, పారబోయడమే. చిన్న మూకుడు, కొద్ది నూనె పెట్టుకుని, మిగిలింది ఒకటి రెండు రోజుల్లో తాలింపులకు వాడేస్తే ఆ గొడవ ఉండదు. దుకాణంలో పావుకిలో చెక్కలు తూయించుకునేటప్పుడు వాళ్ళ మూకుడు మనకు కనపడదు కదా.

చిరుధాన్యాల పేరు చెప్పి అమ్మేవాటి సంగతీ ఒక మాట. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించినప్పటి నుంచీ అట్ట మీద రాగి కంకి బొమ్మ లేని బిస్కెట్ అరుదైపోయింది. ప్యాకెట్ వెనక్కి తిప్పండి. పదార్థాలను బరువు ఎక్కువ ఉన్నదాని నుంచి తక్కువ దానికి వరసగా రాయాలి. మైదా, చక్కెర, పామాయిల్ దాటాక నాలుగో చోట రాగి కనపడితే అది మైదా బిస్కెటే. దానికి బదులు రాగిపిండిని కమ్మటి వాసన వచ్చేదాకా వేపి, నువ్వుల పొడీ బెల్లమూ కలిపి ఉండ కట్టుకోండి. రాగుల్లో కాల్షియం 100 గ్రాములకు 340 మిల్లీగ్రాములు పైనే ఉంటుంది.

ఈ పనులన్నీ ఎవరు చేయాలన్నది అసలు ప్రశ్న. వెనకటి రోజుల్లో సకినాలు చుట్టడానికి ఇరుగుపొరుగు ఆడవాళ్ళంతా చేరేవాళ్ళు; ఆ చేతులన్నీ ఇప్పుడు ఒక్క ఇల్లాలి రెండు చేతులైపోయాయి. మినుములు వేపడానికి ఆడచెయ్యే కావాలని ఏమీ లేదు. ఇంటాయన ఆదివారం క్రికెట్ కామెంటరీ వింటూ వేపొచ్చు. చూస్తూ మాత్రం వద్దు, మాడతాయి. పిల్లలు పదేళ్ళ వాళ్ళైతే పల్లీల పొట్టు ఊదడం, ఉండలు చుట్టడం వాళ్ళకు ఆటే. డాలస్‌లోనో సిడ్నీలోనో ఉండి వేపుడు వాసనకు పొగ అలారం మోగుతుందని భయపడేవాళ్ళు మినప్పప్పును ఓవెన్ పళ్ళెంలో పల్చగా పరిచి, 150 డిగ్రీల సెల్సియస్‌లో మధ్యమధ్య కలుపుతూ వేపుకోవచ్చు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు మొదటి వారం పేలపిండి చేయండి. కిరాణా కొట్లో జొన్న పేలాలు దొరికితే కొనుక్కుని, మిక్సీలో తిప్పి, బెల్లం, కాస్త యాలకుల పొడి కలపడమే. పది నిమిషాల పని. రెండో వారం చిమ్మిలి, మూడో వారం సున్నుండలు. మధ్యలో రెండు రోజులు గుగ్గిళ్ళు. డబ్బాలోకి తడి చెయ్యి పెట్టనివ్వకండి, చెంచా విడిగా ఉంచండి. అరిసెల పాకం జోలికి సంక్రాంతి దాకా పోవద్దు. అప్పుడైనా పాకం పట్టిన చెయ్యి ఒకటి పక్కన ఉంటేనే.