మానేసే ముందు నెల

మన నవలల్లో పేద విద్యార్థులకు కొదవ లేదు. వీధి దీపం కింద చదివేవాడు, వారాలు చేసుకుని పట్టా పుచ్చుకునేవాడు, చివరికి పెద్ద ఆఫీసరై ఊళ్లోకి కారులో దిగేవాడు... అందరినీ చూశాం. కాలేజీ వదలగానే తిన్నగా కొట్టుకు వెళ్లి, రాత్రిదాకా నిలబడి, ‘ఈ పని ఎలా మానను?’ అని లోలోపల మథనపడే అమ్మాయి మాత్రం ఎక్కడా తారసపడదు. ఎందుకు చెప్మా?

ఈ ప్రశ్న నాకు తోచింది కాదు. ఏలూరులో డిగ్రీ చదివిన ఒక పాఠకురాలు అడిగింది. “మీ నాయిక ‘ఉద్యోగానికి స్వస్తి చెప్పింది’ అని ఒక్క ముక్కలో తేల్చేశారు. ఆఖరి నెల జీతం ఇచ్చారాండీ ఆవిడకి?”

నేను తెల్లమొహం వేశాను.

ఆ పిల్లది కొల్లేటి లంకల్లో ఒక ఊరు. తండ్రి చేపల చెరువుల మీద కాపలా ఉండేవాడట. 2006లో ఐదో కాంటూరు లోపలి చెరువుల గట్లు కొట్టేశాక కూలికి దిగాడు. ఈమె సాయంత్రాలు ఒక బట్టల కొట్లో చేరింది. యాభై చీరలు విప్పించి, “మళ్లీ వస్తాం” అని లేచిపోయే మనలాంటి వాళ్ల వెనకాల వాటిని మళ్లీ మడత పెట్టడం ఆమె పని. కాళ్లు పీకుతున్నా కూర్చోకూడదు. కళ్లు మాత్రం గడియారం మీద. ఆఖరి బస్సు తప్పితే ఊరు చేరే దారి లేదు.

పరీక్షలు దగ్గర పడ్డాయి. మానేద్దామంటే పండగ బేరాలు. మధ్యలో వెళితే జీతం చేతికి రాదేమోనని భయం. జీతం రాకపోతే పరీక్ష ఫీజు లేదు. నోట్సు చివరి పేజీలో నెల పొడుగునా ఇవే లెక్కలు! దీంట్లో నవల లేదంటారా?

నవీన్ ‘అంపశయ్య’ 1969లో వచ్చింది. ఉస్మానియా హాస్టల్లో రవి అనే కుర్రాడి ఒక్క రోజే ఆ నవలంతా. మామూలు రోజులో ఎంత కథ ఇమిడి ఉంటుందో అది రుజువు చేసింది. టంగుటూరి ప్రకాశం గారి ‘నా జీవిత యాత్ర’ చదివితే, ఒంగోలులో పూటకూళ్ల ఇల్లు నడిపిన తల్లి కష్టం మీద ఆ చదువు నిలబడిందని తెలుస్తుంది. రెండూ గొప్పవే. కానీ రెండింటిలోనూ చదువుకునేది మగపిల్లవాడే.

ఏలూరులో 1945లో సి.ఆర్. రెడ్డి కళాశాల, 1953లో సెయింట్ థెరిసా మహిళా కళాశాల వెలిశాయి. చుట్టుపక్కల పల్లెల ఆడపిల్లలు పుస్తకాలు పట్టుకుని బస్సులెక్కారు. మా కలాలు మాత్రం వాళ్లను ప్రేమలో పడేదాకా గమనించలేదు! ఈ తప్పులో నాకూ వాటా ఉంది సుమండీ.

తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్లో చిట్టా రాసుకుంటూ చదివే కుర్రాడు పని మానేస్తే, “చదువు మీద శ్రద్ధ” అని మెచ్చుకుంటాం. అదే పని ఆడపిల్ల చేస్తే, “సంబంధం కుదిరిందా?” అంటాం. రచయిత్రులం కూడా ఆ రెండో ప్రశ్నకే జవాబు రాస్తూ వచ్చాం. ఉద్యోగం మానడమంటే నాయికకు విముక్తి అని, లేకపోతే ఓటమి అని ముద్ర వేసి చేతులు దులుపుకున్నాం.

ఆ అమ్మాయి చెప్పింది రెండూ కాదు. పండగ వెళ్లాక మానేసింది. సగం జీతమే చేతికొచ్చింది. పరీక్షలు గట్టెక్కాయి. “కాళ్ల నొప్పులు తగ్గాయండీ. కానీ మరుసటి నెల బస్సు పాసుకి నాన్నని డబ్బులడగడానికి నోరు రాలేదు. కొట్లో ఉన్నన్నాళ్లూ ఇంట్లో నా మాటకో విలువుండేది. తమ్ముణ్ణి బడి మాన్పిస్తానంటే వద్దని గట్టిగా చెప్పగలిగాను” అంది.

ఎంత మాట! చాకిరీలో అలసటా ఉంది, మాట చెల్లుబాటూ ఉంది. మానేస్తే రెండూ కలిసే పోతాయి. ఈ చిక్కును విప్పకుండా నాయికను గుమ్మం దాటించిన నవల, నాదైనా సరే, అసంపూర్ణమే.

పుస్తకం మళ్లీ అచ్చయితే ఆ ఒక్క వాక్యాన్ని ఒక ప్రకరణం చేస్తాను. ఆ పిల్ల అడిగిన లెక్క ముందు అందులో తేలాలి.